మడత చాకు చెడేది కీలు దగ్గరే

మడత చాకు పాడైందంటే చాలామంది ముందు పదును సంగతే ఎత్తుతారు. మొద్దుబారిన పదును అరగంట సాన మీద నూరితే తిరిగొస్తుంది. కీలు లోపల తుప్పు తిన్న చాకు అట్లా తిరిగి రాదు. బ్లేడు మొదట్లో, పిన్ను చుట్టూ, స్ప్రింగు కింద చెమట, కాయల రసం, జేబులోని నూగు చేరి తడి ఆరకుండా ఉండిపోతాయి. బయటికి ఏమీ కనబడదు. ఒకరోజు బ్లేడు కదలకుండా బిగుసుకుంటుంది, లేదంటే మొదలు దగ్గర పుటుక్కున విరుగుతుంది. అందుకే ఇక్కడ కడగడం, నూనె వేయడం, నూరడం ఏది చెప్పినా అది కీలు చుట్టూనే తిరుగుతుంది.

ముందు భాగాల పేర్లు. కోసేది బ్లేడు, దాని చివర కొస. పిడిలో దాగి ఉండే బ్లేడు మొదలును మడమ అందాం. మడమలోని రంధ్రం గుండా పోయే రివిట్టే కీలు పిన్ను. పిడి వీపున పొడవునా ఉండేది స్ప్రింగు పట్టీ. పిడి చెక్కల లోపలి వైపు పల్చటి ఇత్తడి రేకులు ఉంటాయి. మంచి చాకులకు పిడి చివర్లలో లోహపు తొడుగులు కూడా ఉంటాయి. బ్లేడు మీద గోరు ఆనడానికి చిన్న గాడి ఉంటుంది. పాతకాలపు చాకుకు తాళం ఉండదు. స్ప్రింగు మడమను నొక్కి పట్టుకున్నంత సేపే బ్లేడు తెరుచుకుని నిలుస్తుంది. కొసతో పొడిచినా, దేన్నైనా గుచ్చి తిప్పినా, డబ్బా మూత పెకిలించినా బ్లేడు వేళ్ల మీదికే మూసుకుంటుంది. దానితో లాగి కోయడం ఒక్కటే చేయాలి.

మీ చాకు ఏ ఉక్కు?

అయస్కాంతం అంటుకోకపోతేనే స్టెయిన్‌లెస్ అనే మాట కత్తుల దగ్గర చెల్లదు. బ్లేడ్లకు వాడే స్టెయిన్‌లెస్ కూడా అయస్కాంతానికి అంటుకుంటుంది. నమ్మదగిన పరీక్ష పచ్చి మామిడికాయ. బ్లేడును సబ్బుతో కడిగి తుడిచి, మడమకు దూరంగా ఒక చుక్క మామిడి రసం వేసి పది నిమిషాలు వదిలేయండి. తుడిచాక బూడిద రంగు మరక మిగిలితే అది కార్బన్ ఉక్కు. ఏమీ మిగలకపోతే స్టెయిన్‌లెస్.

కొలిమి దగ్గర లారీ కమాను పట్టీతో కొట్టించిన బ్లేడు కార్బన్ ఉక్కే. పదును బాగా పడుతుంది, తుప్పూ తొందరగా పడుతుంది. తుప్పు పట్టడం నాసిరకానికి గుర్తు కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. అట్లాంటి మూస ఉక్కులో 1 నుంచి 2 శాతం దాకా కార్బన్ ఉంటుంది. తడిగా వదిలేస్తే దానికీ తుప్పే. ఇక స్టెయిన్‌లెస్ చాకున్నవాళ్లు నిశ్చింతగా ఉండడానికి లేదు. బ్లేడు స్టెయిన్‌లెస్ అయినా లోపలి పిన్ను, స్ప్రింగు మామూలు ఉక్కువి కావచ్చు.

వెంట పెట్టుకోవడం

ప్యాంటు ముందు జేబులో, చాకు ఒక్కటే ఉండేలా పెట్టుకోండి. తాళంచెవులు, చిల్లర పక్కన ఉంటే పిడి గీసుకుపోతుంది, జేబు అడుగున చేరిన ఇసుక కీలులోకి దూరుతుంది. వెనుక జేబులో పెట్టుకుని కూర్చుంటే పిడి మీద బరువు పడి రేకులు వంగుతాయి. పంచె కట్టినవాళ్లు రొండిన దోపుకుంటే చాకు ఒంటికి ఆనుకుని ఉంటుంది. ఎండాకాలం పొద్దంతా చెమట తాగుతుంది. చెమటలో ఉప్పు ఉంటుంది కాబట్టి అట్లా మోసిన రోజు సాయంత్రం తుడవకుండా పడుకోవద్దు. చిన్న నూలు సంచిలో వేసి దోపుకుంటే సగం బాధ తీరుతుంది. తోలు ఒర మోయడానికి బాగుంటుంది కానీ చాకును అందులోనే నెలల తరబడి దాచొద్దు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, అందులో ఊరబెట్టినప్పటి ఉప్పులు మిగిలి ఉంటాయి. ఉక్కుకు తుప్పు, ఇత్తడికి పచ్చటి చిలుము రెండూ అక్కడే మొదలవుతాయి.

ఇంకొకరికి ఇచ్చేటప్పుడు మడిచి ఇవ్వండి. కత్తిని నేరుగా చేతికివ్వకుండా కింద పెడితే తీసుకునే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఆ అలవాటును పోనివ్వొద్దు, వేళ్లు తెగకుండా కాపాడేది అదే.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. ఆయుధాల చట్టం 1959 కింద ఉన్న నియమాల ప్రకారం 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు బ్లేడు ఉన్న కత్తులు ఆయుధాల లెక్కలోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు చేసినవాటికి మినహాయింపు ఉంది. మూడు అంగుళాల చాకు ఆ కొలతలకు చాలా దూరం. అయినా ఎక్కడికి, ఎందుకు తీసుకుపోతున్నారన్నది పోలీసులు చూస్తారు. ఊళ్లో 163 సెక్షన్ ఆంక్షలు ఉన్నప్పుడు (పాత 144 స్థానంలో వచ్చినది ఇదే), కోర్టుకు, పరీక్షా కేంద్రానికి, రాజకీయ సభకు పోయేటప్పుడు ఇంట్లో పెట్టి పోండి. విమానం ఎక్కేవాళ్లు చేతి సంచిలో కాకుండా చెకిన్ పెట్టెలో వేయాలి. మీట నొక్కితే దూకే బటన్ కత్తులను జేబు చాకుగా మోయడం మంచిది కాదు.

కడగడం

రోజూ వాడే చాకును వారానికోసారి, అప్పుడప్పుడూ తీసే చాకును నెలకోసారి ఇట్లా కడగాలి.

మొదట పొడిగా ఉన్నప్పుడే నూగు తీయండి. నీళ్లు తగిలితే అది ముద్దయి స్ప్రింగు కిందికి పోతుంది. బ్లేడు తెరిచి, పిడిని తలకిందులుగా పట్టుకుని అరచేతికేసి నాలుగైదు సార్లు తట్టండి. సన్నగా చెక్కిన వేప పుల్లతో రేకుల మధ్య సందు పొడవునా గీకండి. సూది, పిన్నీసు వాడితే ఇత్తడి గీసుకుపోతుంది, ఆ గీతల్లోనే మళ్లీ మురికి పడుతుంది.

తర్వాత గిన్నె గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు కలిపి, కీలు భాగం మాత్రం ముంచి, బ్లేడును నిదానంగా పది పదిహేను సార్లు తెరిచి మూయండి. నల్లటి నీళ్లు బయటికొస్తాయి. పాత టూత్ బ్రష్‌తో మడమ రెండు వైపులా తోమండి. నల్లదనం ఆగేదాకా నీళ్లు మార్చండి. వేడినీళ్లు వద్దు, చెక్క పిడి ఉబ్బి పిన్నుల దగ్గర పగులుతుంది. చాకును నానబెట్టడమూ వద్దు. మొత్తం కడగడం ఐదు నిమిషాలు దాటకూడదు.

పాత చాకులో నూనె గట్టిపడి జిగురయ్యి ఉంటే నీళ్లు పనిచేయవు. కిరోసిన్ రెండు చుక్కలు కీలులో వేసి పావుగంట ఆగి, తెరిచి మూస్తూ మురికి తుడవండి. కిరోసిన్ దొరకనివాళ్లు మందుల దుకాణంలో దొరికే స్పిరిట్ వాడొచ్చు. లక్క, వార్నిష్ పూసిన పిడికి మాత్రం అది తగలనీయొద్దు, మెరుగు లేచిపోతుంది. స్ప్రే డబ్బాలో వచ్చే డబ్ల్యూడీ-40 కూడా కడగడానికే పనికొస్తుంది. అది ఆరిపోయాక వేరే నూనె వేయాల్సిందే.

ఆరబెట్టడంలోనే ఎక్కువ మంది తొందరపడతారు. విదిలించి, గుడ్డతో తుడిచి, గుడ్డ కొసను సందులో తిప్పి తీయండి. బ్లేడు సగం తెరిచి, కీలు కిందికి ఉండేలా ఫ్యాను గాలికి గంటసేపు నిలబెట్టండి. రామగుండం, మంచిర్యాల వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలకు పోతుంది. ఆ ఎండలో మిద్దె మీద పెడితే కొమ్ము పిడి వంకరపోతుంది, చెక్క పిడి బీటలిస్తుంది. తడిగా ఉన్న చాకును మడిచి జేబులో వేసుకోవడం అన్నిటికంటే చెడ్డ పని.

ఏం కోశారో దాన్ని బట్టి కడిగే తీరు మారుతుంది. మామిడి సొన నీళ్లకు పోదు. ముందు నూనె గుడ్డతో తుడిచి, తర్వాత సబ్బు పెట్టండి. చింతకాయ, నిమ్మకాయ, ఉల్లిగడ్డ కోస్తే వెంటనే తుడవాలి. ముంజలు, కల్లు పనికి వాడిన బ్లేడు మీద తీపి రసం ఎండి అట్ట కడుతుంది, పులిస్తే ఉక్కును తింటుంది. అదే రోజు గోరువెచ్చటి నీళ్లతో తోమేయండి. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల సుతిలి కోసేవాళ్ల చాకు కీలులో కారం కూర్చుంటుంది. తర్వాత ఆ చేయి కంటికి తగిలితే మంట. ఉత్త నీళ్లు కారాన్ని తీయవు, నూనె, ఆపైన సబ్బు వాడాలి. యూరియా, పొటాష్ బస్తాలు కోసిన చాకు తెల్లవారేసరికి మచ్చలు పడుతుంది. ఆ ఎరువులు గాలిలోని తేమను లాగుతాయి. పురుగుమందు డబ్బాలు, ప్యాకెట్లు కోయడానికి మాత్రం వేరే కత్తి పెట్టుకోండి. ఆ కత్తితో కాయా పండూ కోయొద్దు, ఎంత కడిగినా సరే.

ఏ నూనె?

కీలుకు పల్చటి, ఆరిపోని, గట్టిపడని నూనె కావాలి. కుట్టుమిషన్ నూనె ఈ పనికి చక్కగా సరిపోతుంది. తినేవి కోసే చాకుకైతే మందుల దుకాణంలో దొరికే లిక్విడ్ పారఫిన్ వాడండి. పల్లి నూనె, నువ్వుల నూనె, కుసుమ నూనె కొన్ని వారాలకు జిగురవుతాయి. కుసుమ నూనె మరీ తొందరగా పొర కడుతుంది. కొబ్బరినూనె వాటికంటే నయం. అయితే 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది కాబట్టి ఆదిలాబాద్ చలిలో పొద్దున్నే చాకు తెరుచుకోవడానికి మొరాయిస్తుంది. ఆముదం ఆరదు కానీ చిక్కన. కీలులో వేస్తే దుమ్మును పట్టి పేస్టులా మారుతుంది. వాన కాలంలో దాచే చాకు బ్లేడుకు పైపూతగా పూయడానికి మాత్రం అది చాలా బాగుంటుంది.

మోతాదు: పుల్ల కొసతో మడమకు అటొక చుక్క, ఇటొక చుక్క, స్ప్రింగు మడమను తాకే చోట ఒక చుక్క. పదిసార్లు తెరిచి మూసి, బయటికొచ్చిన నూనె అంతా తుడిచేయండి. బ్లేడు మీద వేలితో రాస్తే మెరవాలి, కారకూడదు. ఎక్కువ నూనె పోసిన చాకు జేబులోని నూగంతా లోపలికి లాక్కుంటుంది.

తుప్పు, నల్లదనం

కార్బన్ బ్లేడు కొన్నాళ్లకు బూడిద, నీలి, నలుపు రంగులకు తిరుగుతుంది. అది బ్లేడుకు కాపుదల. దాన్ని గీకి తళతళలాడించకండి. ఎర్రగా, గరుకుగా వేలికి అంటేదే తుప్పు. దాని మీద నూనె వేసి ఒక రాత్రి వదిలి, 1500 లేదా 2000 నంబరు వాటర్ పేపరుతో, బ్లేడు పొడవు దిక్కునే రుద్దండి. అడ్డంగా రుద్దిన గీతల్లో నీళ్లు నిలుస్తాయి. చింతపండు గుజ్జు తుప్పును తీస్తుంది కానీ ఐదు నిమిషాలు దాటితే మంచి ఉక్కునూ తింటుంది. వాడితే బ్లేడుకే రాసి, కడిగి, తినే సోడా నీళ్లతో ఇంకోసారి కడగాలి. ఇత్తడి తొడుగులు తోమడానికి చింతపండులో ఉప్పు కలిపే అలవాటు బిందెల దగ్గర బాగుంటుంది. చాకు దగ్గర ఆ ఉప్పు నీరు నేరుగా కీలులోకి దిగుతుంది.

నూరడం

హార్డువేర్ దుకాణంలో దొరికే రెండు ముఖాల కార్బోరండం రాయిలో గరుకు వైపు అంచు చిట్లి పన్నులు పడ్డ బ్లేడుకే. మామూలుగా నున్నటి వైపు చాలు. వీలైతే 1000 నంబరు రాయి ఒకటి కొనండి. రాయిని నీళ్లలో వేసి బుడగలు ఆగేదాకా, అంటే ఐదు పది నిమిషాలు ఉంచండి. నూరేటప్పుడు రాతి పొడి కీలులోకి పోకుండా మడమ చుట్టూ ఇన్సులేషన్ టేపు రెండు చుట్లు చుట్టండి. చెక్క మీద పలుగురాయి పొడి చల్లి కల్లు గీసే గీతకత్తి నూరే పద్ధతి మడత చాకుకు పనికిరానిది ఇందుకే. ఆ పొడి కీలులో పడితే పిన్నునూ రంధ్రాన్నీ అరగదీస్తుంది.

వాలు కొలవడానికి పరికరం అక్కర్లేదు. బ్లేడు వెడల్పులో మూడో వంతు ఎత్తుకు వెన్ను (అంచుకు ఎదురుగా ఉండే మందపు వైపు) లేపితే దాదాపు 20 డిగ్రీలు వస్తుంది. 15 మి.మీ. వెడల్పు బ్లేడుకు వెన్ను రాయికి 5 మి.మీ. పైన ఉండాలి. సుతిలి, పుల్లలు కోసే చాకుకు ఇది సరి. పండ్లకే వాడితే నాలుగో వంతుకు దించండి, 15 డిగ్రీలకు దగ్గరవుతుంది. అంచు ఇంకా బాగా తెగుతుంది, పన్నులు కూడా తొందరగా పడతాయి.

అంచు మీద స్కెచ్ పెన్నుతో సిరా పూసి రెండుసార్లు నూరి చూడండి. సిరా అంచు దాకా పోతే వాలు సరిగా ఉన్నట్టు. వెన్ను వైపే పోతే ఇంకొంచెం లేపాలి. ఒకే వైపు, మడమ నుంచి కొస దాకా, తేలిగ్గా నూరుతూ పోండి. అవతలి వైపు అంచు పొడవునా సన్నటి గరుకు వేలికి తగిలేదాకా వైపు మార్చొద్దు. చాలామంది నూరినా పదును రాలేదనడానికి కారణం ఈ గరుకు లేవకముందే ఆపేయడం. తర్వాత రెండో వైపు అంతే. చివరికి బరువు వేయకుండా ఒక్కో వైపు ఒక్కోసారి చొప్పున పదిసార్లు నూరి, పాత బెల్టు తోలు లోపలి ముఖం మీద వెన్ను ముందుగా ఉంచి పదిహేనుసార్లు లాగండి. మిగిలిన గరుకు రాలిపోతుంది. రోజువారీ పదునుకు పింగాణి కప్పు అడుగున మెరుగు లేని గుండ్రటి అంచు చాలు, వైపుకు ఐదుసార్లు. పరీక్షకు దినపత్రిక కాగితాన్ని గాల్లో పట్టి కోయండి, బొటనవేలిని అంచు వెంబడి జరపొద్దు.

వీధిలో చక్రం తిప్పి సాన పట్టేవారికి ఇస్తే, ఒక్కో లాగుడుకు నీళ్లలో ముంచమని ముందే చెప్పండి. నిప్పురవ్వలు రావడం తప్పు కాదు. అంచు నీలం రంగుకు తిరిగితే మాత్రం అక్కడ వేడి 300 డిగ్రీల దరిదాపుకు పోయి ఉక్కు మెత్తబడ్డట్టే. ఆ నీలం భాగమంతా అరిగిపోయేదాకా పదును నిలవదు.

ఏళ్ల తరబడి నూరాక మూసినప్పుడు కొస పిడి బయటికి తేలుతుంది, జేబును, వేలిని చీరుతుంది. దీన్ని కొసను అరగదీసి సరిచేయొద్దు. బ్లేడు మూసినప్పుడు మడమ కింది భాగంలో చిన్న గుబ్బ స్ప్రింగు మీద ఆనుతుంది. ఆ గుబ్బను సన్న ఆకురాయితో రెండు మూడు లాగులు లాగి, మూసి చూసి, మళ్లీ లాగాలి. ఎక్కువ తీస్తే మూసిన ప్రతిసారీ అంచే స్ప్రింగుకు తగిలి మధ్యలో మొద్దుబారుతుంది. బ్లేడును స్ప్రింగుకు వదిలేసి టప్పున మూసేవాళ్ల చాకుకూ ఇదే జబ్బు వస్తుంది. వేలితో పట్టి మూయండి.

కీలు వదులైతే

బ్లేడు పక్కలకు ఊగితే పిన్ను వదులైనట్టు. ముందు కడిగి చూడండి, మురికి పోయాక ఊగుడు తెలుస్తుంది. లోహపు తొడుగులున్న చాకైతే మడమకు, రేకుకు మధ్య పల్చటి కాగితం ముక్క పెట్టి, చాకును ఇనుప దిమ్మ మీద ఆనించి, గుండ్రటి తల సుత్తితో పిన్ను తల మీద మెల్లగా రెండు దెబ్బలు వేయండి. తెరిచి చూడండి. చాలకపోతే ఇంకొకటి. కాగితం తీశాక బ్లేడు తేలిగ్గా కదలాలి. తొడుగులు లేకుండా పిన్ను నేరుగా కొమ్ము లేదా ఎముక పిడిలోంచి పోతుంటే సుత్తి ముట్టుకోవద్దు, పిడి పగులుతుంది. ఆ పని, స్ప్రింగు విరిగిన పని, పిన్ను మార్చే పని కమ్మరికి ఇవ్వండి. పాత పిన్ను తీసినప్పుడు మడమ రంధ్రం గుండ్రంగా ఉందా, కోలగా అరిగిందా చూడమనండి. అరిగితే రంధ్రం కొంచెం పెంచి లావు పిన్ను వేయాలి. పాత కొలత పిన్నే కొడితే నెలకే ఊగుతుంది.

పిడి చెక్క మార్చాలనుకునేవాళ్లు టేకు, జిట్రేగి వంటి గట్టి చెక్క ఎంచుకోండి. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి చెక్క చెక్కడానికి హాయిగా ఉంటుంది కానీ పిడికి మరీ మెత్తన, పిన్ను దగ్గరే నలిగిపోతుంది. చెక్క పిడికి ఏడాదికోసారి అవిస నూనె పల్చగా రాసి, పావుగంటకు తుడిచేయండి. ఆ నూనె గుడ్డను ఉండచుట్టి మూల పడేయొద్దు, దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. విప్పి బయట ఆరేయండి. అవిస నూనె ఆరి గట్టిపడే రకం, కీలు దరికి రానీయొద్దు. కొమ్ము పిడికి కొబ్బరినూనె చాలు.

దసరా తర్వాత, వానల ముందు

దసరా నాడు పనిముట్లకు పసుపు, కుంకుమ పెట్టి, చాకుతో నిమ్మకాయ కోసి, అట్లాగే పీట మీద వదిలేస్తారు. తడి పసుపు కింద రెండు రోజుల్లో మచ్చ పడుతుంది. బొట్టు పిడి మీద పెట్టండి. మరునాడు బ్లేడు తుడిచి కీలుకు నూనె వేయండి.

వానాకాలం నాలుగు నెలలు వాడని చాకును ముందు చెప్పినట్టు కడిగి, పూర్తిగా ఆరబెట్టి, కీలుకు పల్చటి నూనె, బ్లేడుకు ఆముదం పూత వేసి మడిచి పెట్టండి. సగం తెరిచి ఉంచితే స్ప్రింగు మీద భారం ఎక్కువ. పొడి నూలు గుడ్డలో చుట్టి మూత డబ్బాలో ఉంచండి. మందు సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు అందులో వేయొచ్చు. రబ్బరు బ్యాండు చుట్టొద్దు, రబ్బరులోని గంధకం ఇత్తడినీ ఉక్కునూ నల్లబరుస్తుంది. పదిహేను రోజులకోసారి తీసి, తెరిచి, వెలుతురులో మడమ చుట్టూ చూడండి. నూనె గోధుమ రంగుకు తిరిగి కనిపిస్తే లోపల తుప్పు మొదలైనట్టే. ఇంకో చుక్క వేసి ఊరుకోకుండా, ఆ రోజే కిరోసిన్‌తో మళ్లీ మొదటి నుంచి కడగండి.